బుచర్ "అంతా ప్రైమే" అంటున్నాడు, ముక్క చూసి గ్రేడ్ చెప్పడం అయ్యే పనేనా?

సందేహాల_పుట్ట:
అందరికీ నమస్తే. అమెరికాలో ఉంటా. ఇన్నాళ్లూ సూపర్ మార్కెట్లో ట్రేలో ప్యాక్ చేసిన బీఫే కొనేవాణ్ణి, దాని మీద షీల్డ్ బొమ్మ, చాయిస్ అనో సెలెక్ట్ అనో గ్రేడ్ రాసి ఉంటుంది (ప్రైమ్ పైది, తర్వాత చాయిస్, దాని కింద సెలెక్ట్) కాబట్టి ఆలోచించే పని ఉండేది కాదు. ఇప్పుడు దగ్గర్లో ఒక బుచర్ షాపు తెరిచారు, అద్దాల కౌంటర్లో ముక్కలు పరిచి ఉంటాయి, దేని మీదా లేబుల్ లేదు, ఏ గ్రేడ్ అని అడిగితే మా దగ్గర అంతా ప్రైమే అంటాడు, రేటు కూడా దానికి తగ్గట్టే ఉంది. మొన్న రెండు రిబ్ఐ (పక్కటెముకల దగ్గరి) స్టేక్‌లు, ఒక ఐ ఆఫ్ రౌండ్ (తొడ వెనక) ముక్క తెచ్చా. రిబ్ఐలో ఒకదాంట్లో తెల్ల చారలు బాగానే ఉన్నాయి, రెండోదాంట్లో తక్కువ. ఐ ఆఫ్ రౌండ్‌లో అయితే తెల్లచుక్క అనేదే లేదు, మొత్తం ఎరుపే, పైగా కోసి చూస్తే లోపల రంగు ఊదాగా ఉంది. కాల్చాక నమల్లేక దవడ నొప్పి పుట్టింది. మా ఆవిడ అది పాత మాంసం, నిన్ను మోసం చేశాడు అంటోంది. లేబుల్ లేని ముక్కని చూసి ఇది ప్రైమ్, ఇది చాయిస్ అని చెప్పొచ్చా? చెప్పగలిగితే ఏం చూడాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్ గూగుల్ చెయ్యి అనకండి, చేశాను, ఒక్కొక్కడు ఒక్కోటి చెప్తున్నాడు.

కత్తిపీట:
చెప్పొచ్చు, కానీ అన్ని ముక్కల్లో కాదు బ్రో. ముందు అసలు గ్రేడ్ ఎక్కడ వేస్తారో తెలిస్తే నీ సగం డౌట్లు పోతాయి. పశువుని కోసి చల్లబరిచాక, 12వ పక్కటెముకకీ 13వ పక్కటెముకకీ మధ్య అడ్డంగా కోస్తారు, అక్కడ బయటపడే రిబ్ఐ కండలో సన్న సన్నగా తెల్ల కొవ్వు ఎంత కలిసి ఉందో చూస్తారు, దాన్నే మార్బ్లింగ్ అంటారు. దాంతోపాటు పశువు వయసు. ఈ రెండూ కలిపి మొత్తం కళేబరానికి ఒకే గ్రేడ్ పడుతుంది. అంటే తొడ ముక్క గ్రేడ్ కూడా పక్కటెముకల దగ్గర చూసి వేసిందే, తొడలోకి ఎవడూ తొంగి చూడడు. అందుకే ప్రైమ్ పశువు నుంచి వచ్చినా ఐ ఆఫ్ రౌండ్ పొడిపొడిగా ఎర్రగానే ఉంటుంది, ఆ కండ స్వభావమే అంత. దాన్ని చూసి బుచర్ని దొంగ అనలేం, ప్రైమ్ అని ఒప్పుకోనూలేం.

నువ్వు చూడాల్సింది రిబ్ఐ, లేకపోతే స్ట్రిప్ స్టేక్ (రిబ్ఐ తర్వాత నడుం దగ్గరిది). వాటిలో కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. రిబ్ఐ రోల్ 6వ పక్కటెముక నుంచి 12 దాకా ఉంటుంది, మెడ వైపు వెళ్లేకొద్దీ పైన టోపీలాగా ఉండే స్పైనాలిస్ కండ పెద్దదవుతుంది, మధ్యలో కొవ్వు గడ్డలు కూడా పెరుగుతాయి, చూడ్డానికి రిచ్‌గా కనిపిస్తుంది. నడుం వైపు ముక్కలో ఐ కండ (మధ్యలో ఉండే గుండ్రటి ప్రధాన కండ) ఒక్కటే పెద్దగా ఉంటుంది, గ్రేడర్ చూసే చోటు ఇదే. నీ రెండు స్టేక్‌ల్లో తేడా ఇదే అయ్యుండొచ్చు, ఒకటి మెడ వైపుది, ఒకటి నడుం వైపుది. ఫోటో పెట్టు.

ఇంకో మాట. కండకీ కండకీ మధ్య లావుగా ఉండే కొవ్వు మార్బ్లింగ్ కాదు. అంచున ఉండే కొవ్వు పట్టీ అసలే కాదు. కండ లోపల, సూదిమొన తో గీసినట్టు సన్నగా, అంతటా పరుచుకుని ఉన్నదే లెక్క. ఒకే చోట రెండు లావు గీతలు ఉండి మిగతాదంతా ఎర్రగా ఉంటే దానికి పెద్ద మార్కులు పడవు.

ఎర్రమాంసం_అభిమాని:
ఇంత థియరీ ఎందుకు అన్నా, రంగు చూస్తే చాలు. చెర్రీ పండులా మెరిసిపోతుంటే ప్రైమ్, ముదురుగా ఉంటే తక్కువ రకం లేదా పాతది. నేను రంగు చూసే కొంటా, ఎప్పుడూ దెబ్బ తినలేదు.

ల్యాబ్_కోటు:
పై రిప్లై చదివి ఎవరూ మంచి మాంసం పారేయకండి దయచేసి. రంగు అనేది మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఆడే ఆట. గాలి తగలకపోతే ఊదా రంగు, ఆక్సిజన్ తగిలితే కాసేపట్లో ఎరుపు, ఇంకా ఎక్కువసేపు ఉంటే గోధుమ. ప్రశ్న అడిగినాయన కోసి చూస్తే లోపల ఊదాగా ఉంది అన్నారు కదా, లోపలికి గాలి వెళ్లదు కాబట్టి ఏ మాంసమైనా లోపల అలాగే ఉంటుంది, ప్రైమ్‌దైనా సరే. వాక్యూమ్ ప్యాక్ విప్పినప్పుడు కూడా ఊదాగా ఉంటుంది, ప్లేట్లో పెట్టి ఓ అరగంట ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచితే ఎర్రగా తేలుతుంది. పాతదో కాదో రంగు కంటే ముక్కు, వేలు బాగా చెప్తాయి, పుల్లటి వాసన, జిగట ఉంటే పక్కన పెట్టండి. ఒకవైపు ప్యాకింగ్‌లో కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపితే చాలా రోజులు ఎర్రగానే ఉంటుంది, అమెరికాలో అది అనుమతించిన పద్ధతే, కాబట్టి ఎరుపు చూసి తాజాది అని కూడా గ్యారంటీ ఇవ్వలేం. ఇంకోవైపు కౌంటర్లో లైట్లు, కొన్ని షాపుల్లో గులాబీ ఛాయ ఉన్న లైట్లు పెడతారు, ఇంటికి తెచ్చాక అదే ముక్క నీరసంగా కనిపిస్తుంది.

అయితే రంగుకి గ్రేడ్‌తో సంబంధమే లేదు అనను. పశువు కోతకి ముందు బాగా బెదిరిపోయినా అలిసిపోయినా కండలో గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర) అయిపోతుంది, తర్వాత ఆమ్లం సరిగ్గా తయారవదు, మామూలుగా 5.5 దగ్గర ఉండాల్సిన పీహెచ్ 6 దాటుతుంది, అప్పుడు మాంసం గాలి తగిలినా ఎర్రబడదు, ముదురుగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. డార్క్ కట్టర్ అంటారు, దానికి గ్రేడ్ తగ్గిస్తారు. వయసు మీరిన పశువు మాంసం కూడా ముదురుగా, గరుకు గరుకుగా ఉంటుంది. అంటే రంగు మరీ తేడాగా ఉంటే అనుమానించడానికి పనికొస్తుంది, ప్రైమ్‌కీ చాయిస్‌కీ మధ్య గీత గీయడానికి మాత్రం అస్సలు పనికిరాదు.

ఎర్రమాంసం_అభిమాని:
సరే సరే, కానీ నా కళ్లకి ఎరుపే ఇష్టం 😄

కౌంటర్_వెనక_మనిషి:
నేను మీట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశా, ఇప్పుడు మానేశా కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. తమ్ముడూ, ముక్కని భూతద్దంలో చూడక్కర్లేదు, డబ్బా చూపించమను. చాలా షాపుల్లో పశువు మొత్తం రాదు, పెద్ద ముక్కలు వాక్యూమ్ సంచుల్లో, అట్టపెట్టెల్లో వస్తాయి. పెట్టె చివర లేబుల్ మీద ఏ కట్, ఏ గ్రేడ్, ప్లాంటు నంబరు, ప్యాక్ చేసిన తేదీ అన్నీ ఉంటాయి. నిజంగా ప్రైమ్ కొనేవాడు ఆ పెట్టెని గర్వంగా చూపిస్తాడు, ఎందుకంటే అతను కూడా ఎక్కువ డబ్బు పెట్టే కొన్నాడు కదా. పెట్టె పారేశాం అంటే సరే, ఈసారి లోడ్ వచ్చినప్పుడు చూపించు అని అడుగు. ఈసారి కూడా నసిగితే నీకు జవాబు దొరికినట్టే.

అందరూ కలగాపులగం చేసేది ఇంకోటి ఉంది. మాంసం మీద గుండ్రటి ముద్ర, షీల్డ్ ముద్ర రెండూ వేరు. గుండ్రటిది ఇన్‌స్పెక్షన్, అంటే తినడానికి సురక్షితం అని, 1906 చట్టం నుంచీ అది తప్పనిసరి. షీల్డ్ అంటే గ్రేడ్, అది ప్యాకర్ (పశువుని కోసి ప్యాక్ చేసే కంపెనీ) ఇష్టం, గ్రేడర్‌కి డబ్బు కట్టి వేయించుకోవాలి. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ)లోనే రెండు వేరే విభాగాలు ఈ రెండు పనులూ చూస్తాయి. కొందరు షాపువాళ్లు యూఎస్‌డీఏ స్టాంపు ఉంది చూడండి అని గుండ్రటిది చూపించి గ్రేడ్ ఉన్నట్టు మాట్లాడతారు. అబద్ధం కాదు, నిజమూ కాదు. గ్రేడ్ వేయించని మాంసాన్ని మా భాషలో నో రోల్ అంటాం, షీల్డ్ ముద్రని కళేబరం మీద రోలర్‌తో దొర్లించి వేసేవాళ్లు కాబట్టి, దొర్లించనిది నో రోల్. నో రోల్ అంతా చెత్త కాదు, కానీ సెలెక్ట్ కూడా రాదనుకున్నదాన్ని ప్యాకర్ ముద్ర వేయించకుండా వదిలేస్తాడు, అది మర్చిపోవద్దు. ఎవడూ స్టాండర్డ్ (సెలెక్ట్ కింది గ్రేడ్) అని ముద్ర వేసుకుని అమ్మడు కదా.

ఇక మాటల గారడీ. ప్రైమ్ రిబ్ అనేది కట్ పేరు, గ్రేడ్ కాదు, చాయిస్ గ్రేడ్ రిబ్‌ని కూడా ప్రైమ్ రిబ్ అనే అమ్ముతారు, తప్పేమీ లేదు. బ్లాక్ ఆంగస్ అంటే జాతి గురించి, గ్రేడ్ గురించి కాదు. సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ అనేది మాత్రం 1978లో మొదలైన బ్రాండు, దానికి చాయిస్‌లో పైభాగం స్థాయి మార్బ్లింగ్ కావాలి, అది కొంత నమ్మకం. "బుచర్ స్పెషల్", "ప్రీమియం", "రెస్టారెంట్ క్వాలిటీ" ఇవన్నీ గాలి. కాబట్టి మీ వాడు నోటితో ప్రైమ్ అన్నాడా, లేక యూఎస్‌డీఏ ప్రైమ్ అన్నాడా, గుర్తు చేసుకో. బిల్లు మీద యూఎస్‌డీఏ ప్రైమ్ అని రాయించుకో చాలు, లేని గ్రేడ్ ఉందని రాసి అమ్మడం చట్టప్రకారం నేరం, రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

సందేహాల_పుట్ట:
అన్నా సూపర్. ఇప్పుడు గుర్తు చేసుకుంటే అతను "మా దగ్గర అంతా ప్రైమ్ క్వాలిటీ" అన్నాడు, యూఎస్‌డీఏ అనే మాటే రాలేదు. కత్తిపీట గారూ, ఫోటో పెడదామంటే స్టేక్‌లు అయిపోయాయి. సన్నగా చారలున్నది చాలా బాగుంది, రెండోది కూడా పర్లేదు. గొడవంతా ఆ ఐ ఆఫ్ రౌండ్‌తోనే. ఇంకో డౌట్, ఈసారి కొనేటప్పుడు రిబ్ఐ చూసి ఇది ప్రైమా చాయిసా అని ఎలా విడగొట్టాలి? రెండింటికీ కొవ్వు ఉంటుంది కదా.

కత్తిపీట:
రెండు గ్రేడ్ల సరిహద్దులో ఉన్నవాటిని విడగొట్టలేవు, నేనూ విడగొట్టలేను. మార్బ్లింగ్‌కి మెట్లున్నాయి. కింది నుంచి చెప్తే ట్రేసెస్ అంటే స్టాండర్డ్, స్లైట్ అంటే సెలెక్ట్, తర్వాత స్మాల్, మోడెస్ట్, మోడరేట్ ఈ మూడూ చాయిసే, స్లైట్లీ అబండెంట్ నుంచి పైకి ప్రైమ్. చూశావుగా, చాయిస్ అనేది ఎంత పెద్ద గంపో. గ్రేడ్ వేసిన బీఫ్‌లో ఎక్కువ భాగం ఈ గంపలోదే. స్మాల్ దగ్గర ఉన్న చాయిస్ చూడ్డానికి సెలెక్ట్‌కి అన్నదమ్ముడిలా ఉంటుంది, మోడరేట్ దగ్గరున్న చాయిస్ ప్రైమ్ పక్కన పెడితే నువ్వు పట్టుకోలేవు. కొవ్వు శాతం లెక్కన ఉజ్జాయింపుగా సెలెక్ట్‌లో 2 నుంచి 4, చాయిస్‌లో 4 నుంచి 8 దాకా, ప్రైమ్‌లో ఆపైన. గ్రేడర్లు అధికారిక ఫోటోలు పక్కన పెట్టుకుని పోల్చి చూస్తారు, పెద్ద ప్లాంట్లలో అయితే ఇప్పుడు కెమెరాలతో కొలుస్తున్నారు. ఆ ఫోటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, ఫోన్లో పెట్టుకుని కౌంటర్ దగ్గర పోల్చు. సిగ్గుపడకు, డబ్బు నీది.

చూసేటప్పుడు ముక్క బాగా చల్లగా ఉండాలి, వెచ్చబడితే సన్న కొవ్వు మెత్తబడి కండలో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. పైన తడి ఉంటే టిష్యూతో అద్దు, తెల్ల లైట్ కింద చూడు. ఫ్రీజర్‌లోది చూసి అసలు చెప్పొద్దు, మంచు తెలుపుకీ కొవ్వు తెలుపుకీ తేడా తెలియదు. ఐ కండ మధ్యలో చూడు, అంచుల్లో కాదు. మధ్యలో ఎక్కడ గోరు పెట్టినా దాని కింద రెండు మూడు తెల్ల గీతలు పడుతున్నాయి అనుకో, ప్రైమ్ కావచ్చు. వెతుక్కుంటే అక్కడొకటి ఇక్కడొకటి దొరికితే సెలెక్ట్. మధ్యలో ఉన్నదంతా చాయిస్ అనుకుని ఆ రేటే ఇవ్వు. ఇది నా కొలత, అధికారికం కాదు.

ఎముకతో కొంటే వయసు కూడా కాస్త తెలుస్తుంది. లేత పశువు వెన్నెముక కొసల్లో తెల్లటి మెత్తటి మృదులాస్థి ఉంటుంది, ఎముక కోసినచోట ఎర్రగా, గుల్లగా ఉంటుంది. ముదిరేకొద్దీ ఆ మెత్తటిది కూడా ఎముకైపోతుంది, కోత చెకుముకి రాయిలా తెల్లగా గట్టిగా కనిపిస్తుంది. ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ లేత పశువులకే, ముదురుదానికి కమర్షియల్, యుటిలిటీ లాంటివి పడతాయి, అవి కౌంటర్లో ఆ పేర్లతో నీకు కనిపించవు.

నిదానంగా_ఉడికిస్తా:
అందరూ గ్రేడ్ గ్రేడ్ అంటున్నారు, ఆయన దవడ నొప్పి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అన్నయ్యా, ఐ ఆఫ్ రౌండ్‌ని స్టేక్‌లా కాల్చారా? అదీ అసలు తప్పు, బుచర్‌ది కాదు. అది తొడ వెనక కండ, రోజంతా నడిచే కండ, కొవ్వు లేదు. దాన్ని ముక్క మొత్తంగా తక్కువ మంట మీద వండాలి, మధ్యలో ఇంకా గులాబీగా ఉండగానే దించి, పోగులకి అడ్డంగా పలచగా కోయాలి. బాగా కాలిస్తే ప్రైమ్‌దైనా చెప్పు అట్టే. కూరకైతే చక్ (భుజం దగ్గరి ముక్క) తీసుకోండి, దాంట్లో నరాలు, పొరలు ఎక్కువ ఉంటాయి, నిదానంగా ఉడికితే అవన్నీ కరిగి జిగురొచ్చి పులుసు చిక్కబడుతుంది. కూరకి చక్ కొనేటప్పుడు నేను గ్రేడ్ అడగనే అడగను. సెలెక్ట్ చక్ రెండు మూడు గంటలు సిమ్‌లో పెడితే ప్రైమ్ చక్‌కి దానికి తేడా చెప్పేవాణ్ణి నేనింకా చూడలేదు. ప్రైమ్‌కి డబ్బు పెట్టాలంటే రిబ్ఐ, స్ట్రిప్, లేదా గంటలకొద్దీ పొగపెట్టే బ్రిస్కెట్ (రొమ్ము ముక్క) మీద పెట్టండి. టెండర్‌లాయిన్‌ (వెన్నెముక కింద ఉండే కండ)లో కూడా దండగ అంటాను, అది గ్రేడ్ తక్కువైనా మెత్తగానే ఉంటుంది, ఆ కండ పెద్దగా పనే చేయదు కాబట్టి.

స్ట్రిప్ కొనేటప్పుడు ఒక చిట్కా, ముక్కకి రెండు వైపులా అర్ధచంద్రాకారంలో తెల్లటి నరం గీత కనిపిస్తే అది చివరి ముక్క, వెయిన్ స్టేక్ అంటారు, అక్కడ సర్‌లాయిన్ (తుంటి వైపు) కండ కలుస్తుంది, గట్టిగా ఉంటుంది. గ్రేడ్ ప్రైమే ఉంటుంది, మీ రేటూ ప్రైమ్ రేటే ఉంటుంది, నమిలేటప్పుడు మాత్రం ఏడుపొస్తుంది. పక్కటెముకల వైపు కొసది ఇమ్మని అడగండి.

ల్యాబ్_కోటు:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతా. మెత్తదనం గ్రేడ్‌లో కొలవరు. మార్బ్లింగ్ ఎక్కువైతే రసం, రుచి బాగుంటాయి, మెత్తగా ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. కోసిన తర్వాత ఎన్ని రోజులు చల్లగా నిల్వ ఉంచారన్నది పెద్ద విషయం, కండలోని ఎంజైములే పోగుల్ని నెమ్మదిగా కొరికి వదులు చేస్తాయి, 14 రోజులు దాటిన చాయిస్ నిన్న మొన్నటి ప్రైమ్ కంటే మెత్తగా ఉంటే ఆశ్చర్యం లేదు. కాబట్టి పెట్టె చూసినప్పుడు గ్రేడ్ ఒక్కటే కాదు, ప్యాక్ తేదీ కూడా చూడండి. ఎన్ని రోజులు ఏజ్ చేశారు అని అడిగితే బుచర్ మొహంలోనే సగం సమాధానం తెలుస్తుంది. ఇంకా, మెత్తబడటానికి సూదులు గుచ్చిన మాంసం అయితే లేబుల్ మీద రాయాలని 2016 నుంచి రూల్ ఉంది. గుచ్చితే పైన ఉన్న సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి కాబట్టి దాన్ని పచ్చిగా వదలకుండా బాగా కాల్చాలి. కౌంటర్లో లేబుల్ లేని చోట ఇది నోటితో అడగాల్సిందే.

హలాల్_కొట్టు_కస్టమర్:
మేం హలాల్ షాపులో తీసుకుంటాం, అక్కడ గ్రేడ్ అడిగితే నవ్వారు. హలాల్ సర్టిఫికెట్ ఉంది కదా అన్నారు. అది గ్రేడ్ కిందకి రాదా? ఇంకోటి, మా ఫ్రెండ్ ఒక ఫామ్ నుంచి సగం పశువు కొన్నాడు, గడ్డి మేసినదట, కొవ్వు పసుపుగా ఉంది, పాడైందేమోనని భయపడ్డాడు.

కౌంటర్_వెనక_మనిషి:
రాదు. హలాల్ అంటే ఎలా కోశారు అన్నది, గ్రేడ్ అంటే మార్బ్లింగ్ ఎంత అన్నది, రెండూ దేని దారి దానిది. చిన్న చిన్న కబేళాల్లో గ్రేడర్ని పిలిపించి డబ్బు కట్టడం గిట్టుబాటు కాదు, అందుకే ఫామ్ మాంసం, చిన్న హలాల్ షాపుల మాంసం చాలావరకు గ్రేడ్ లేకుండానే వస్తాయి. గుండ్రటి ఇన్‌స్పెక్షన్ ముద్ర ఉందా లేదా అది చూసుకోండి, మిగతాది మీ కళ్లతో మార్బ్లింగ్ చూసి నిర్ణయించుకోవడమే. మీ ఫ్రెండ్‌కి చెప్పండి, పసుపు కొవ్వు గడ్డిలోని బీటా కెరోటిన్ వల్ల వస్తుంది, పాడైనట్టు కాదు. గడ్డి మేసినదానికి మార్బ్లింగ్ సాధారణంగా తక్కువ, యూఎస్‌డీఏ లెక్కలో పెడితే ప్రైమ్ రావడం కష్టం, అయినా ఆ రుచే కావాలని వెతుక్కుని కొనేవాళ్లున్నారు. గింజలు తిన్నదాని రుచికి అలవాటు పడ్డవాడికి మొదట్లో కొత్తగా ఉంటుంది.

సందేహాల_పుట్ట:
అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా ఐ ఆఫ్ రౌండ్ గురించి, మా ఆవిడకి చూపించా, ఆవిడ ఇంకా బుచర్‌దే తప్పు అంటోంది. శనివారం వెళ్లి పెట్టె అడుగుతా. చివరి ప్రశ్న, అక్కడ "ప్రైమ్ కీమా" అని కూడా బోర్డు పెట్టాడు, అది తీసుకోవచ్చా?

కౌంటర్_వెనక_మనిషి:
స్టేక్‌లు కోయగా మిగిలిన ప్రైమ్ తరుగుతో చేసి ఉండొచ్చు, అలా చేసే షాపులున్నాయి. కానీ మెషీన్లో పడ్డాక మార్బ్లింగ్ ఎక్కడుంది, కండ, కొవ్వు అన్నీ కలిసిపోయాయి కదా, నువ్వు చూసి చెప్పగలిగేది ఏమీ లేదు. కీమాకి కొవ్వు శాతం అడుగు. గ్రౌండ్ బీఫ్‌లో 30 శాతం మించి కొవ్వు ఉండకూడదు, మామూలు వాడకానికి 80 పాళ్లు కండకి 20 పాళ్లు కొవ్వు బాగుంటుంది. ఇంకా మంచిదేంటంటే చక్ ముక్క ఒకటి చూపించి నా కళ్లముందే వెయ్యి అను, పొద్దున మెషీన్ కడిగిన వెంటనే అయితే ఇంకా నయం.

నిదానంగా_ఉడికిస్తా:
చక్ కీమాకి +1. పెట్టె మీద ఏముందో శనివారం చెప్పండి, బెట్ వేస్తున్నా, చాయిసే.